ఇవ్వని తంతి

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో చెప్పులు వెతుక్కుంటుంటే మా వీధి చివరింటి కోడలు వచ్చి పక్కన నిలబడింది. పెళ్ళయి రెండేళ్ళయినా కాలేదు. మొగుడు మిలట్రీలో చేస్తాడు, ఎక్కడో మంచుకొండల్లో ఉన్నాడు. అత్తగారు నెల రోజులుగా మంచం మీద ఉంది.

"టీచరుగారండీ, ఒక్క మాట అడగొచ్చాండి?" అంది.

"అడుగమ్మా."

"అత్తయ్యగారికి ఆయాసం ఎక్కువగా ఉందండి. కొడుకుని చూడాలని ఒకటే కలవరింత. డాక్టరుగారేమో సీరియస్ ఏం కాదు, మందులు వాడండి అంటన్నారు. మదర్ సీరియస్ అని ఇక్కణ్ణించి మెసేజ్ పెడితే గానీ అక్కడ లీవివ్వరంటండి. ఆయన పెట్టమంటన్నారు. నాకేమో అబద్ధం ఆడినట్టవుద్దేమోనని భయంగా ఉంది. మీరు సండే స్కూల్లో పిల్లలకి చెప్తారు కదండీ, అందుకని మిమ్మల్నే అడుగుదామని."

ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినదాన్ని. ఎవరేమడిగినా అడిగీ అడగకముందే జవాబు చెప్పేస్తానని నాకు పేరు. అదంత మంచి పేరేం కాదు. అలాంటిది ఆ పిల్లని మాత్రం "సాయంత్రం ఇంటికి రామ్మా, చెప్తాను" అని పంపేసి, ఎండలో గొడుగు తెరవడం కూడా మర్చిపోయి ఇంటికొచ్చాను. అన్నం తినబుద్ధి కాలేదు. కుట్టుడబ్బా దింపి, దారపు ఉండల అడుగున ఉన్న ఇత్తడి బొత్తాం తీసి చేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

ఆ బొత్తాం సంగతి చెప్పాలంటే మిలట్రీ తాతయ్య సంగతి చెప్పాలి.

మొగల్తూరు వైపు పోయే రోడ్డు దిగి కాలువ గట్టు పట్టుకుంటే మా పేట. ఇప్పుడంతా చేపల చెరువులు వచ్చేశాయి గానీ అప్పుడు ఎటు చూసినా వరి చేలే. వరి పాలుపోసుకునే రోజుల్లో ఆ చేల మీదుగా వచ్చే గాలి కమ్మగా ఉండేది. అంతలో ఎవరింట్లోనో ఎండు చేపలు కాల్చిన వాసన వచ్చి దాన్ని తరిమేసేది. పేటలో ఇంటికొకరు మిలట్రీలో ఉండేవారు. మగపిల్లాడు పుడితే ఎవరి పోలికని అడిగేవారు కాదు. కాళ్ళు సాగదీసి, పొడుగు సరిపోతాడా లేదా అని చూసేవారు.

మిలట్రీ తాతయ్యది మా పక్కిల్లు. సొంత తాత కాదు గానీ నాకు ఊహ తెలిసేసరికే తాతయ్య. సైన్యంలో చాలా ఏళ్ళు చేసి, నాయక్‌గా రిటైరై ఇంటికొచ్చాడు. నాయక్ అంటే పెద్ద హోదా ఏం కాదు. ఊళ్ళో వాళ్ళు గౌరవం కొద్దీ సుబేదారుగారు అని పిలిచేవారు. "సుబేదారుని కాదండి, నాయక్‌ని" అని ప్రతిసారీ సరిదిద్దేవాడు. పెళ్ళిలోనైనా, చావు దగ్గరైనా, సంతలో వంకాయలు బేరం చేస్తున్నా సరే ఊరుకునేవాడు కాదు.

"పిలిత్తే పిలవనియ్యండి, మీ సొమ్మేం పోయింది?" అని ఆయన భార్య విసుక్కునేది. ఆవిణ్ణి మేం మామ్మ అనేవాళ్ళం.

"నాది కానిది నాకెందుకే" అనేవాడు.

మామ్మకి అబద్ధాలంటే అంత పట్టింపు ఉండేది కాదు. మా అమ్మ నన్ను కొట్టడానికి చీపురు తీసుకుని వస్తే "ఇటేపు రాలేదే" అని చెప్పి నన్ను తన మంచం కింద దాచేది. ఆ మంచం కింద బియ్యం డబ్బా, బెల్లం కుండ, కొడుకు తెచ్చిన మిలట్రీ బిస్కెట్ల డబ్బా ఉండేవి. ఆ బిస్కెట్లు రాయిలా ఉండేవి. టీలో ముంచి, వంద లెక్కపెట్టి తినాలి. మామ్మకి ఒక్కడే కొడుకు. నాకు బాబాయ్. ఆయన కూడా సైన్యంలోనే ఎక్కడో సరిహద్దులో ఉండేవాడు, ఇల్లు చేరడానికి ఐదు రోజుల ప్రయాణం.

ఆదివారాలు చర్చి వెనక కొబ్బరిచెట్ల నీడలో తాతయ్య మాకు సండే స్కూలు చెప్పేవాడు. ఈల ఊదితే వరసలో నిలబడాలి. సావధాన్ అంటే బిగుసుకోవాలి, పీఛే ముడ్ అంటే గిరుక్కున వెనక్కి తిరగాలి. అవి ఏ భాషో మాకు తెలీదు. అవి దేవుడి భాషేమోనని నేను చాలాకాలం అనుకున్నాను. గోళ్ళూ చెవులూ చూసి, తర్వాత వెనక్కి వెళ్ళి మా మడమలు చూసేవాడు.

"బూటు ముందువైపు అందరూ మెరిపిస్తారు. పెద్దాఫీసరు వచ్చి ముందు చూడడు, వెనక్కెళ్ళి మడమ చూస్తాడు. దేవుడూ అంతే. ఎవరికీ కనపడదని మనం వదిలేసిన చోటే ఆయన చూసేది" అనేవాడు.

మాలో ఒక్కరికీ బూట్లు లేవు. అయినా శనివారం సాయంత్రం కాలువ రేవులో కూర్చుని కొబ్బరిపీచుతో మడమలు ఎర్రబడేదాకా తోముకునేవాళ్ళం. ఇప్పటికీ స్నానం చేసేటప్పుడు నా చెయ్యి ముందు మడమల మీదికే పోతుంది.

ఆయన పాఠాలన్నీ ఇలాగే సైన్యంలోంచి వచ్చేవి. సైన్యంలో జవాన్లు తిన్నాకే ఆఫీసరు తింటాడని చెప్పి, ఒక క్రిస్మస్ ప్రేమవిందులో పాస్టరు అయ్యగారిని వరస చివర నిలబెట్టాడు. ఆయన వంతు వచ్చేసరికి కూరలో ముక్కలైపోయి పులుసే మిగిలింది. ఆ తర్వాత రెండు వారాలు అయ్యగారి ప్రసంగం మామూలు కంటే పొడుగ్గా సాగిందని మా అమ్మ అనేది.

అన్నిట్లోకీ ఆయనకి ఇష్టమైనది శతాధిపతి కథ. వందమంది సైనికుల మీద అధికారి, పనివాడికి జబ్బు చేస్తే యేసు దగ్గరికి కబురు పంపించాడు. మీరు మా ఇంటిదాకా రానక్కర్లేదు, ఒక్క మాట అనండి చాలు, నేనూ ఆర్డర్ల కింద పనిచేసేవాణ్ణే, మాటకున్న బలం నాకు తెలుసు అన్నాడు. ఆ కథ చెప్తున్నప్పుడు తాతయ్య తనకి తెలీకుండానే నిటారుగా నిలబడిపోయేవాడు. "చూశారా, మెచ్చుకోడానికి దేవుడికి మిలట్రీవాడే దొరికాడు" అని నవ్వేవాడు.

ఒకసారి చలికాలంలో నేను నలుగురు పిల్లల్ని వెంటేసుకుని అవతల కమతంలో తేగల పాతర తవ్వేశాను. తాటి టెంకలు పాతి మొలిపించిన తేగలు, ఇంకా పూర్తిగా ఊరను కూడా లేదు. కుంపట్లో కాల్చుకుని, పీచు తీసి, లోపల చందమామ అనే తెల్లటి లేత మొలకని కూడా తిన్నాం. మూతుల మసి చూసి దొరికిపోయాం. తాతయ్య మమ్మల్ని వరసలో నిలబెట్టి ఒకటే అడిగాడు.

"ఆర్డర్ ఎవరిది?"

నేను ముందుకొచ్చాను. మిగతావాళ్ళని ఇళ్ళకి పంపేసి, నన్నొక్కదాన్నే ఆ కమతం రైతు దగ్గరికి తీసుకెళ్ళి క్షమాపణ చెప్పించాడు. దారిలో నేను ఏడుస్తుంటే, "వాళ్ళూ తిన్నారు కదా అని ఏడుస్తున్నావు. ఆర్డర్ పాటించినవాణ్ణి అడగరమ్మా. ఇచ్చినవాణ్ణే అడుగుతారు. సైన్యంలో అయినా అంతే, పైన అయినా అంతే" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు అన్యాయంగా తోచింది.

ఇక బొత్తాం. తాతయ్య పాత యూనిఫాంలోంచి తీసిన ఇత్తడి బొత్తాం అది. ఆదివారం పాఠం ఎవరు బాగా అప్పజెబితే వాళ్ళ గౌనుకి పిన్నీసుతో గుచ్చేవాడు. వారమంతా పెట్టుకుని, చింతపండుతో తోమి, వచ్చే ఆదివారం తిరిగి ఇవ్వాలి. దాని కోసం మేం ఒకళ్ళనొకళ్ళం పీక్కు తినేవాళ్ళం.

మా పేటలో ఇంకో అలవాటు ఉండేది. తంతి, అంటే టెలిగ్రాం. ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నా, గోడ కూలినా, కొడుక్కి సంబంధం చూసినా మిలట్రీ సెలవు అంత తేలిగ్గా దొరికేది కాదు. అందుకని కాలువ అవతల పోస్టాఫీసుకి వెళ్ళి మదర్ సీరియస్, వెంటనే బయల్దేరు అని తంతి ఇచ్చేవారు. పోస్టుమాస్టరు అడ్రసు ఒక్కటే అడిగేవాడు, మిగతా మాటలు ఆయనకి నోటికొచ్చు. మా వెనకింటావిడకి ఆరుసార్లు సీరియస్ చేసింది. ఆరుసార్లూ ఆవిడ దుక్కలా చేలో ఊడుపులు ఊడ్చుకుంటూనే ఉంది. కొడుకు బస్సు దిగి వస్తుంటే గట్టు మీంచే "ఏరా, చిక్కిపోయావేంటి?" అని కేకేసేది. మేం పిల్లలం సీరియస్ ఆట ఆడుకునేవాళ్ళం. ఒకళ్ళు చాప మీద పడుకుని మూలగాలి, ఒకళ్ళు తాటాకు ముక్క పట్టుకుని పరిగెత్తాలి, ఒకళ్ళు ట్రంకుపెట్టె మోసుకుంటూ రావాలి. అమ్మ లేచి కూర్చుని నవ్వితే ఆట అయిపోయినట్టు.

తాతయ్య ఆ ఆట చూశాడు ఒకరోజు. ఆ ఆదివారం పాఠం దాని మీదే.

"నా పక్క మంచం వాడికి ఒకసారి తంతి వచ్చింది. అది నిజం తంతి. అదే వారంలో మన జిల్లా నించే ఇంకో మూడు వచ్చాయి. ఆఫీసరు నాలుగూ బల్ల మీద పరిచి, మీ జిల్లాలో తల్లులందరికీ ఒకేసారి జబ్బు చేస్తుందా అని నవ్వాడు. ఎవ్వరికీ సెలవివ్వలేదు. వాడి తల్లి నిజంగానే పోయింది. వాడి సెలవు దొంగిలించిందెవరో తెలుసా? జబ్బు లేని ఆ ముగ్గురు తల్లులు. ఒక్క అబద్ధం తంతి వెళ్తే, ఎక్కడో ఒక నిజం తంతి చచ్చిపోతుంది."

అప్పజెప్పమంటే నేను లేచి మాట పొల్లు పోకుండా చెప్పాను. బొత్తాం నాకొచ్చింది.

అప్పటికి మామ్మకి ఒంట్లో బాలేక ఇరవై రోజులు. వానలు వెనకపట్టాయి, కోతలు ఇంకా మొదలవలేదు. ఆవిడ కాళ్ళు వాచి, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. డాక్టరుగారు గుండె బలహీనంగా ఉంది, ఉప్పు తగ్గించమన్నారు. సీరియస్ అని మాత్రం అనలేదు. మామ్మ తాతయ్యని రోజూ అడిగేది, నేను వింటూనే ఉండేదాన్ని.

"అబ్బాయికి తంతి ఇయ్యండి. ఒక్కసారి సూత్తాను."

"క్రిస్మస్‌కి వాడికి సెలవుంది. వస్తాడు. డాక్టరుగారు అనని మాట నేనెలా రాయను?"

"నాకు తెలుత్తుంది కదండీ లోపల. డాక్టరుగారికేం తెలుసు?"

తాతయ్య ఉత్తరం రాశాడు. ఉన్నది ఉన్నట్టు రాశాడు. అమ్మకి నలతగా ఉంది, మందులు వాడుతున్నాం, కంగారుపడి డ్యూటీ పాడుచేసుకోకు. అది ఎప్పటికి అందుతుందో దేవుడికే తెలియాలి.

సోమవారం పొద్దున్న నేను బడికి వెళ్తుంటే మామ్మ కిటికీలోంచి చెయ్యి ఊపి పిలిచింది. దిండు కింద నించి బాబాయ్ రాసిన పాత కవరు తీసింది. దాని వెనక ఆయన చేతి రాతలో ఆయన అడ్రసు ఉంది. కొంగు ముడి విప్పి తంతి ఖర్చు కూడా నా చేతిలో పెట్టింది.

"బడికెల్తా పోస్టాపీసులో ఈ కవరు సూపించి తంతి ఇచ్చెయ్యమ్మా. ఏం రాయాలో ఆయనకి తెలుసు. మీ తాతకి సెప్పకు. నువ్వు నా బంగారానివి కదా."

సరేనని తల ఊపాను. రేవు దగ్గర పడవ అవతలి ఒడ్డున ఉంది. అది వచ్చేదాకా మెట్ల మీద నిలబడ్డాను. ఆ కాస్సేపూ లేకపోతే ఏమయ్యేదో అని ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు అనుకున్నానో. గౌను మీద బొత్తాం ఎండకి మెరుస్తోంది. నిన్నటి పాఠం నోట్లోనే ఉంది. ఎవరో తెలియని సైనికుడి తల్లి ఒకావిడ నా వల్ల చచ్చిపోతున్నట్టు అనిపించింది. అది కొంత నిజమే. కానీ ఇప్పుడు ముసలిదాన్నయ్యాక దాచుకోవడం దేనికి, మంచిదాన్ని అనిపించుకోవాలన్న ఆశ అంతకంటే ఎక్కువగా ఉంది. పడవ వచ్చింది. నేను ఎక్కలేదు. వెనక్కి పరిగెత్తుకెళ్ళి, చేను గట్టు మీద ఉన్న తాతయ్య ముందు సావధాన్‌లో నిలబడి అంతా చెప్పేశాను.

ఆయన కవరూ డబ్బులూ తీసుకున్నాడు. కొడుకు రాతని బొటనవేలితో ఒకసారి నిమిరాడు. కవరు చొక్కా జేబులో పెట్టుకుని, "మంచిది. డబ్బులు మామ్మకి తర్వాత నేనిస్తాలే" అన్నాడు. తర్వాత నా గౌను మీది బొత్తాం చూసి, "ఇంక ఇది తిరిగి ఇవ్వక్కర్లేదు. నీదే" అన్నాడు. నేను ఆ రోజంతా బళ్ళో నేల మీద నడవలేదు.

మర్నాడు మామ్మ పిలిచింది. వెళ్ళకుండా ఎలా ఉంటాను. దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. మొహం తేటగా ఉంది.

"ఇచ్చావామ్మా తంతి?"

నిజం చెప్పాలనే వెళ్ళాను. తంతి అబద్ధమనీ, పాపమనీ మామ్మకి పాఠం చెబుదామని కూడా అనుకున్నాను. కానీ ఆ మొహం చూశాక నా నోట్లోంచి "ఇచ్చాను మామ్మా" అని వచ్చేసింది.

తలుపు దగ్గర చప్పుడైతే తిరిగి చూశాను. మందు సీసా పట్టుకుని తాతయ్య నిలబడి ఉన్నాడు. విన్నాడు. ఊళ్ళో వాళ్ళు సుబేదారన్నా ఊరుకోని మనిషి, మామ్మ ముందు నా అబద్ధాన్ని సరిదిద్దలేదు. సీసా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

"సోమారం ఇచ్చావు. అయిదు రోజులు. శనారం కల్లా వత్తాడు" అని మామ్మ వేళ్ళ మీద లెక్కేసుకుంది. ఆ వారమంతా ఆవిడ కొడుకు కోసం ఏవో పనులు చేయిస్తూనే ఉంది. బాబాయ్ కంబళి ఎండలో వేయించింది. బెల్లం ఎంతుందో చూడమంది, వాడికి పాకుండలంటే ఇష్టం, నేను చెప్తాను మీ అమ్మ చేత చేయిద్దాం అంది. నా చేత తల దువ్వించుకుంది. దువ్వెనకి వచ్చిన తెల్ల వెంట్రుకలు ఉండ చుడుతూ నేను ఆవిడ మొహం కేసి చూడలేకపోయాను. రోజు రోజుకీ మాట సన్నగిల్లింది.

గురువారం డాక్టరుగారు వచ్చి చూసి, బయటికొచ్చి తాతయ్యతో సీరియస్ అన్న ఆ మాట అన్నారు. తాతయ్య గొడుగు కూడా లేకుండా రేవుకి వెళ్ళిపోయాడు. పడవ కోసం ఆగలేదని, పంచె ఎగ్గట్టి కాలువకి అడ్డంగా నీళ్ళలోకి దిగిపోయాడని పడవవాడు తర్వాత చెప్పాడు. అప్పుడు నిజం తంతి వెళ్ళింది.

శనివారం మామ్మ మంచం వీధి వైపు తిప్పించుకుంది. బస్సు హారన్ వినపడ్డప్పుడల్లా తల ఎత్తేది. చీకటి పడుతుంటే, "బండి తప్పిపోయుంటాడు. రేపొత్తాడులే" అని మమ్మల్నే ఓదార్చింది. తాతయ్య ఆవిడ అరికాళ్ళు రాస్తూ, "దారిలో ఉన్నాడు. వస్తున్నాడు" అన్నాడు. అది అబద్ధం కాదు.

ఆదివారం పొద్దున్న చర్చిలో మొదటి గంట కొడుతుండగా పోయింది. మర్నాడు కాలువ గట్టు పక్క సమాధుల దొడ్లో మట్టి చేశారు. గుంటలో నీరు ఊరుతుంటే బకెట్లతో తోడి పోశారు. నేను అందరితోపాటు గుప్పెడు మట్టి వేశాను. బంక మట్టి, చేతికి అంటుకుని రాలలేదు.

బాబాయ్ బుధవారం మధ్యాహ్నం దిగాడు. ట్రంకుపెట్టె భుజం మీదే ఉంది, దింపకుండానే వాకిట్లో ఖాళీ మంచం చూశాడు. ఇంకెవరూ ఏం చెప్పాల్సిన పని లేకపోయింది. కూలబడి ఏడ్చాడు. ఏడుపు కాస్త తగ్గాక, "తంతి ఎప్పుడిచ్చారు?" అన్నాడు.

"గురువారం" అన్నాడు తాతయ్య.

మా వెనకింటావిడ, ఆరుసార్లు సీరియస్ అయినావిడ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "అదేంటయ్యా, మీ అమ్మ సోమారమే తంతి ఇప్పించానని నాతో సెప్పిందే. శనారం నువ్వొత్తావని గుమ్మంకేసే సూత్తా కూకుంది. అందలేదా నీకు?" అంది.

నేను బాబాయ్‌కి మంచినీళ్ళు తెచ్చి గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. తాతయ్య లేచి కొడుకు ముందుకొచ్చాడు. పెద్దాఫీసరు ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. చొక్కా జేబులోంచి ఆ కవరు తీసి ఇచ్చాడు.

"ఆ తంతి వెళ్ళలేదు. మీ అమ్మ అడిగింది. నేను ఆపాను. ఆర్డర్ నాది."

బాబాయ్ తన రాత తనే చూసుకున్నాడు. నేను గ్లాసు కింద పెట్టి ముందుకొచ్చి, "కాదు బాబాయ్, అదీ..." అన్నాను.

"పీఛే ముడ్" అన్నాడు తాతయ్య. గట్టిగా కూడా అనలేదు.

నా కాళ్ళు తిరిగిపోయాయి. అన్ని ఆదివారాలు నేర్చుకున్నవి, మనసు చెప్పేలోపే తిరిగిపోయాయి. గోడ వైపు మొహం పెట్టి నిలబడ్డాను. వెనక బాబాయ్ ట్రంకుపెట్టె ఎత్తుకున్న చప్పుడు, గేటు చప్పుడు విన్నాను.

సెలవున్న ఎనిమిది రోజులూ ఆయన వెనకింట్లోనే ఉన్నాడు, అక్కడే తిన్నాడు. తండ్రి గుమ్మం తొక్కలేదు. వెళ్ళేరోజు సమాధి దగ్గరికి వెళ్ళి, అటునించటే బస్సెక్కాడు. ఆ తర్వాత ఉత్తరాలు వెనకింటికే వచ్చేవి. పోస్టుమాన్ మా సందులోకి తిరిగినప్పుడల్లా తాతయ్య అరుగు మీద నించి లేచి నిలబడేవాడు. అతను దాటి వెళ్ళిపోయాక మళ్ళీ కూర్చునేవాడు.

బాబాయ్ వెళ్ళాక వచ్చిన ఆదివారం తాతయ్య ఈల ఊదాడు. మేం నిలబడ్డాం. మడమలు చూడలేదు. మమ్మల్ని కూర్చోమని చెప్పి, తను మాత్రం నిలబడే మాట్లాడాడు.

"శతాధిపతి కథ మీకు ఎన్నిసార్లు చెప్పానో. ఆయన పనివాడికి జబ్బు చేస్తే వెంటనే కబురు పంపాడు. సీరియస్సా కాదా అని ఎవర్నీ అడగలేదు. పనివాడి కోసమే అంత ఆరాటపడ్డాడు. అన్నిసార్లు చెప్పాను గానీ ఒక్కసారీ నేను వినలేదు." చేతిలో ఈల అటూ ఇటూ తిప్పాడు. "పాఠం కూడా ఆర్డర్ లాంటిదే. విని చేసినవాళ్ళది తప్పు కాదు. చెప్పినవాడే జవాబు చెప్పుకోవాలి. నేను చెప్పుకుంటాను. మీలో ఎవరూ దేనికీ బాధపడక్కర్లేదు."

ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు. పిల్లలందరికీ చెప్తున్నట్టే చెప్పాడు. ఈల తీసి పాస్టరమ్మగారి చేతిలో పెట్టి, ఇంక మీరు చెప్పండమ్మా అని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నేను బొత్తాం తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. తీసుకోలేదు. "ఇచ్చింది వెనక్కి తీసుకోను. ఉంచుకో. తోముతూ ఉండు" అన్నాడు. నేను ఏడ్చాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు.

ఆయన ఇంకో పదమూడేళ్ళు బతికాడు. తనే వండుకుని, తనే తిని, ఆదివారం చర్చిలో వెనక వరసలో కూర్చునేవాడు. ఎవరైనా సుబేదారుగారూ అంటే ఇంక సరిదిద్దేవాడు కాదు. నేను టీచరు ఉద్యోగం తెచ్చుకున్న ఏడు పోయాడు. ఆయన్ని మామ్మ పక్కనే మట్టి చేశారు. బాబాయ్ వచ్చాడు. గుప్పెడు మట్టి వేసి, బస్టాండుకి నడిచాడు. ఈసారైనా చెప్పేయాలని నేను వెనకాలే వెళ్ళాను. నన్ను చూసి, "ఏం టీచరమ్మా, బాగున్నావా?" అన్నాడు. ఆయనకి అప్పటికే తల నెరిసింది. "బాగున్నాను బాబాయ్" అన్నాను. ఇంతలో బస్సొచ్చింది.

ఆర్డర్ పాటించాను అని సర్దిచెప్పుకోవచ్చు. చాలా ఏళ్ళు అలాగే చెప్పుకున్నాను. కానీ తాతయ్య వెనక్కి తిరగమన్నాడే గానీ జీవితాంతం గోడకేసి చూస్తూ నిలబడమనలేదు. ఒక తండ్రీ కొడుకూ మాట్లాడుకోకుండా పోయారు. నేనొక్క మాట చెప్పి ఉంటే మాట్లాడుకునేవారో లేదో తెలీదు. బాబాయ్ కూడా పోయాడని నాలుగేళ్ళ క్రితం తెలిసింది. ఇప్పుడు చెప్పుకోడానికి మనిషే లేడు. బొత్తాం మాత్రం తోముతూనే ఉన్నాను.

సాయంత్రం ఆ పిల్ల వచ్చింది. అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చాను. పొద్దుటి నించీ ఎన్ని పాఠాలు కూడగట్టుకున్నానో, ఒక్కటీ చెప్పలేదు.

"మీ అత్తగారు ఎలా ఉన్నారు?"

"ఈయనొత్తున్నారా అని అడుగుతానే ఉన్నారండి."

"పెట్టమ్మా మెసేజ్" అన్నాను.

"అబద్ధం కాదాండి?"

నాకు ఆఫీసరు బల్ల మీద పరిచిన నాలుగు కాగితాలు గుర్తొచ్చాయి. ఎక్కడో ఇంకో తల్లి, ఇంకో కొడుకు. తాతయ్య చెప్పింది తప్పేం కాదు, ఇప్పటికీ కాదు.

"అవునో కాదో నాకు తెలీదమ్మా. అది తేల్చుకునేలోపు ఆవిడ ఉండకపోవచ్చు. నువ్వు పెట్టు. రేపు ఎవరైనా అడిగితే టీచరుగారు పెట్టమన్నారని చెప్పు. దేవుడడిగినా అదే చెప్పు."

ఆ పిల్ల నా మొహం కేసి ఒకసారి చూసి, ఫోను తీసి టైపు చేసింది. ఇంటికెళ్ళి పంపిస్తానండి అని లేవబోయింది. వద్దు, ఇక్కడే పంపు అన్నాను. పంపింది. మెసేజ్ పక్కన, అందినట్టు రెండు గీతలు పడేదాకా ఆ పిల్లని అరుగు దిగనివ్వలేదు.